పీఎస్/2 మోడల్ 50: కొనే ముందు రిఫరెన్స్ డిస్క్ ఉందా అని అడగండి

ఐబీఎం 1987 ఏప్రిల్‌లో విడుదల చేసిన పీఎస్/2 పర్సనల్ కంప్యూటర్ల వరసలో మోడల్ 50ది మధ్య స్థానం. 10 మెగాహెర్ట్జ్ 80286 ప్రాసెసర్, 1 ఎంబీ మెమరీ, 20 ఎంబీ హార్డ్‌డిస్క్, వీజీఏ డిస్‌ప్లే. విశాఖలో పాత సామాన్ల దగ్గర ఇది కనిపిస్తే ముందు వెనక లేబుల్ చదవండి. ఐబీఎం 1978లో మన దేశం వదిలి, 1992లో టాటాలతో కలిసి తిరిగొచ్చింది. ఆ మధ్యకాలపు పెట్టె ఏ దేశం నుంచైనా దిగి ఉండొచ్చు. మన 230 వోల్టులకు సరిపోతుందని లేబుల్ మీద లేకపోతే ప్లగ్ పెట్టొద్దు.

లోపలి అమరికకు మాత్రం వంక పెట్టలేం. వెనక రెండు స్క్రూలు చేత్తో తిప్పితే మూత జారి వస్తుంది. హార్డ్‌డిస్క్‌కు కేబుల్ లేదు, చిన్న బోర్డు ద్వారా నేరుగా స్లాట్‌లో కూర్చుంటుంది.

ఆన్ చేయగానే తెర మీద 161, 163 ఎర్రర్ నంబర్లు వస్తే బ్యాటరీ అయిపోయినట్టు. కావలసింది 6 వోల్టుల లిథియం, సీఆర్-పీ2. ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో తిరిగేకన్నా కెమెరా సామాన్లు అమ్మేవాళ్లని అడగండి. అయితే కొత్తది వేసినంత మాత్రాన పని కాదు. దీని రోమ్‌లో, అంటే లోపలి శాశ్వత మెమరీ చిప్‌లో, సెటప్ ప్రోగ్రాం లేదు. ఆ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీయే రిఫరెన్స్ డిస్క్. దానితో బూట్ చేసి, ఆటోమేటిక్ కాన్ఫిగరేషన్ అడిగినప్పుడు ‘వై’ నొక్కాలి. అదనపు కార్డు ఉంటే దాని ఏడీఎఫ్ ఫైలు (కార్డు వివరాలుండే ఫైలు) ఆ డిస్క్ కాపీలో ఉండాలి, లేదంటే 165 ఎర్రర్ వదలదు.

అసలు చిక్కు ఫ్లాపీ డ్రైవ్‌తోనే. దాని బోర్డు మీది కెపాసిటర్లు కారి రాగి గీతల్ని తినేస్తాయి. సోల్డరింగ్ పెట్టగానే చేపల కంపు వస్తే ఫిషింగ్ హార్బర్ మీద నెపం వేయకండి, కారింది అదే. డ్రైవ్ చదవకపోతే డిస్క్ ఉండీ లాభం లేదు. ఇంకొకటి: ఈ డ్రైవ్‌లు చాలావరకు డిస్క్ రకాన్ని గుర్తించవు. 720 కేబీ ఫ్లాపీని 1.44 ఎంబీగా ఫార్మాట్ చేసేస్తాయి, తర్వాత వేరే కంప్యూటర్‌లో అది చదవదు.

బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి కార్డు అంచులు నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాకే బిగించండి.

లోటస్ 1-2-3, వర్డ్‌స్టార్ లాంటి పాత ఆఫీసు ప్రోగ్రాములకు హాయిగా సరిపోతుంది. విండోస్ 3.1 స్టాండర్డ్ మోడ్‌లో నడుస్తుంది గానీ ఈడుస్తుంది. కార్డు స్లాట్లు మైక్రో ఛానెల్ అనే ఐబీఎం సొంత రకం కాబట్టి అప్పటి మామూలు పీసీల ఐఎస్‌ఏ కార్డులు పట్టవు. నాలుగు స్లాట్లలో ఒకటి హార్డ్‌డిస్క్‌కే పోతుంది.

డ్రైవ్ చదువుతూ, డిస్క్ చేతికిస్తే బేరమాడి తీసుకోండి. రెండూ లేకపోతే మోడల్ ఎం కీబోర్డుకు ఎంత ఇవ్వొచ్చో అంతకే అడగండి.