టాటా టియాగో ఈవీ: నగర ప్రయాణానికి తగిన చిన్న కారు
2022లో విడుదలైన విద్యుత్ కారు టాటా టియాగో ఈవీ 19.2, 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీలతో రెండు రకాలుగా వచ్చింది. పెద్ద బ్యాటరీ ఒక్కసారి పూర్తిగా ఛార్జ్ చేస్తే నడుస్తుందని కంపెనీ అప్పట్లో ప్రకటించిన 315 కిలోమీటర్లు పరీక్షా పరిస్థితుల్లో తేలిన లెక్క కాబట్టి, ఏసీ వేసుకుని హైవేపై వేగంగా వెళ్లేవారు అంతకన్నా బాగా తక్కువ దూరానికే సిద్ధపడాలి. నగర ప్రయాణానికి మాత్రం దీన్ని గట్టిగా సిఫార్సు చేస్తాను. గేర్లు మార్చే శ్రమ లేకపోవడం, యాక్సిలరేటర్ నొక్కగానే అందే టార్క్ (చక్రాలను తిప్పే బలం), వేగం తగ్గించేటప్పుడు కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి చేర్చే రీజెనరేటివ్ బ్రేకింగ్, ఇవన్నీ ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో నిజంగా హాయినిస్తాయి. వెనుక సీటు ముగ్గురు పెద్దవారికి ఇరుకే. ఇంటి దగ్గర సొంత పార్కింగు, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 15 ఆంపియర్ల సాకెట్టు లేనివారు బుకింగ్‌కు ముందే ఆ ఏర్పాటు చూసుకోవాలి. రోజూ బయటి ఛార్జర్ల మీదే ఆధారపడితే ఈ కారు మిగిల్చే ఖర్చులో చాలా భాగం అక్కడే పోతుంది.