స్టాఫ్ పైన చిన్న నోట్లు: మ్యూస్‌స్కోర్‌తో నా అనుభవం

సికింద్రాబాద్‌లో ఒక చర్చి గాయక బృందానికీ, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలకూ పార్టులు, అంటే ఎవరి సంగీతం వాళ్లకు విడిగా ఉండే కాగితాలు, రాసిస్తుంటాను. 2019 నుంచి మ్యూస్‌స్కోర్ అనే, కంప్యూటర్‌లో సంగీత లిపి రాసే ప్రోగ్రామ్‌లోనే రాస్తున్నాను. అప్పట్లో మూడో వెర్షన్ ఉండేది. 2022 డిసెంబరులో నాలుగోది వచ్చినా, చేతిలో పని ఉండగా కొత్తదాని జోలికి ఎందుకని కొన్నాళ్లు ఆగి మారాను. ఉచితంగా దొరుకుతుందన్న సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది ఒకే పని గురించి: స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతల వరుస) పైన లయ సూచనలు పెట్టడం.

గిటార్ పార్టులో సాధారణంగా కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పేర్లు, వాటి కింద బార్‌కు (తాళంలో ఒక ఆవర్తనకు) నాలుగు స్లాష్ గీతలు, అంటే బీటుకొకటి, ఉంటాయి. నీకు తోచిన నడకలో వాయించుకో అని వాటి అర్థం. అయితే రెండో బీటు దాటాక సగంలో ట్రంపెట్లు ఒక్కసారిగా కొడితే, గిటారిస్టు కూడా అక్కడ ఒక దెబ్బ వేయాలి. నడక ఆగకూడదు, దెబ్బ తప్పకూడదు. అందుకే ఆ దెబ్బను చిన్న నోటుగా స్టాఫ్ పైన రాస్తారు. అది రెండో స్లాష్‌కూ మూడో స్లాష్‌కూ మధ్య కనిపిస్తుంది కాబట్టి లెక్కపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

మొదటి క్రిస్మస్‌కు నేను దీన్ని తప్పుగా రాశాను. దెబ్బలను ఒకటో వాయిస్‌లో (ఒకే స్టాఫ్ మీద విడివిడిగా రాసుకునే వరుసల్లో మొదటిది) పెట్టి స్లాష్‌లుగా మార్చాను. అవి స్టాఫ్ మధ్య గీత మీద, కాడలతో (నోటుకుండే నిలువు గీతలతో) సహా కూర్చున్నాయి. రిహార్సల్‌లో ఆ ఎనిమిది బార్లు రాగానే గిటార్ నడక ఆగిపోయింది. రెండేసి దెబ్బలు, మధ్యలో నిశ్శబ్దం. ఏమైందని అడిగితే గిటారిస్టు, “నువ్వు రాసిందే వాయించానన్నా” అన్నాడు. నిజమే. స్లాష్‌కు కాడ ఉంటే ఇదే లయ వాయించు అని అర్థం.

సరైన దారి ఇది. ముందు స్లాష్‌లు నింపాలి. తర్వాత కంట్రోల్, ఆల్ట్, 3 నొక్కి మూడో వాయిస్‌లో దెబ్బలు వేయాలి. స్వరం ఏదైనా ఫరవాలేదు. వాటిని ఎంచుకుని టూల్స్ మెనూలో లయ స్లాష్‌ల ఆదేశం ఇస్తే, నోట్లు చిన్నవై స్టాఫ్ పైకి వెళ్లిపోతాయి. అదే ఆదేశం ఒకటి, రెండు వాయిస్‌లలో ఒకలా, మూడు, నాలుగు వాయిస్‌లలో మరోలా పనిచేస్తుంది. మెనూలో ఆ ముక్క ఎక్కడా కనిపించదు. బార్ మొత్తం ఎంచుకుంటే కింది స్లాష్‌లూ మారిపోతాయి. ఎఫ్6తో ఎంపిక ఫిల్టర్ తెరిచి ఒకటో వాయిస్ టిక్ తీసేస్తే ఆ బాధ ఉండదు. మూడో వాయిస్‌లో మిగిలిపోయిన రెస్టులను (నిశ్శబ్దపు గుర్తులను) ఎంచుకుని డిలీట్ నొక్కాలి. నలభై బార్ల పాటలో ఇది విసుగు పుట్టించే పనే.

ఇలా మార్చిన నోట్లు ప్లేబ్యాక్‌లో వినిపించవు. సూచనలే కనుక అది న్యాయమే. నాకు నచ్చనిది కార్డ్ పేర్ల సంగతి. చిన్న నోట్లు ఉన్న బార్‌లో పేరు వాటి పైకి జరుగుతుంది, పక్క బార్‌లో కిందే ఉంటుంది. మసక వెలుతురు వేదిక మీద కన్ను అలా ఎగుడుదిగుడుగా పరుగెత్తలేదు. చివర్లో ఆ వరుస పేర్లన్నిటినీ ఎంచుకుని ఒకే ఎత్తుకు తెస్తాను.

మా డ్రమ్మర్ హైదరాబాద్‌లోని బార్కస్ వైపు పెళ్లిళ్లలో మర్ఫా అనే డ్రమ్ముల మేళం వాయిస్తూ పెరిగాడు. అతనికి కాగితం అక్కరలేదు, నోటితో ఒకసారి పలికితే చాలు. దాంతో ఇప్పుడు అతని దెబ్బలను గిటార్ పార్టు పైన చిన్న నోట్లుగా రాసి, పక్కన ‘మర్ఫా’ అని పెడుతున్నాను. మొన్న అతను ఆ కాగితం చూసి, “ఇది నేనేనా?” అని నవ్వాడు. చూసి చెప్పమంటే మూడో బార్‌లో ఒక దెబ్బ తక్కువైందన్నాడు. తక్కువైంది నిజమే, రెస్టులతో పాటు దాన్నీ చెరిపేశాను.