క్యూఎన్ఎక్స్: గుణుపురం ప్రయోగశాలలో ఒక పరిశీలన

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో విద్యార్థుల చేత రైస్ మిల్లు డ్రయ్యరు నమూనా చేయించడానికి, వాణిజ్యేతర వినియోగానికి ఉచితంగా లభించే క్యూఎన్ఎక్స్ 8.0 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద ఎక్కించాము. క్యూఎన్ఎక్స్ 2010 నుంచి బ్లాక్‌బెర్రీ అధీనంలో ఉన్న కెనడా ఉత్పత్తి.

దీని ప్రాణమంతా మైక్రోకెర్నెల్‌లోనే, అంటే వీలైనంత చిన్నదిగా ఉంచిన కేంద్ర భాగంలోనే ఉంది. థ్రెడ్ల (ప్రోగ్రాములో విడిగా నడిచే పనుల) షెడ్యూలింగు, సందేశాల బట్వాడా, అంతరాయాల (పరికరాలు పంపే ఇంటరప్టు సంకేతాల) నిర్వహణ వంటి కనీస బాధ్యతలే కెర్నెల్‌కు ఉంటాయి. ఫైల్ సిస్టమ్, నెట్‌వర్కు, డ్రైవర్లు అన్నీ బయట మామూలు ప్రాసెస్‌లుగా నడుస్తాయి. సీరియల్ తీగతో కలిపిన తెర మీద ‘స్లే’ ఆదేశమిచ్చి నెట్‌వర్కు సేవను ఆపివేసినా, ఫ్యాను మోటారును నడిపే ప్రోగ్రాము ఏమాత్రం తొట్రుపడలేదు. సందేశం పంపిన థ్రెడ్ జవాబు వచ్చేదాకా ఆగుతుంది. అందుకున్న సర్వరు థ్రెడ్ పంపినవారి ప్రాధాన్యాన్నే స్వీకరిస్తుంది కాబట్టి, అత్యవసరమైన పని అల్పమైన పని వెనుక చిక్కుకోదు. నాకు అన్నిటికంటే నచ్చిన అంశమిదే.

నా అసంతృప్తి అంతా పలు యంత్రాలు కలిసి పనిచేసే పంపిణీ వ్యవస్థ (డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్) విషయంలో. పాత వెర్షన్లలో యంత్రాలను నెట్‌వర్కు మీద కలిపే క్యూనెట్ ఉండేది. పక్క యంత్రంలోని పరికరాన్ని ‘నెట్’ డైరెక్టరీ కింద ఆ యంత్రం పేరుతో, సొంత ఫైలులాగే తెరవగలిగేవాళ్లము. 8.0లో దానిని తొలగించారు. రెండు బోర్డుల నడుమ సందేశాలకు సాకెట్లతో (నెట్‌వర్కు మీద డేటా పంపే సాధారణ మార్గంతో) సొంతంగా కోడు రాసుకోవలసి వచ్చింది, అదీ మా ఊరి కరెంటు కోతల నడుమ. లినక్స్‌తో పోలిస్తే సిద్ధంగా దొరికే డ్రైవర్లు తక్కువ. విడియో కెమెరా, ప్రింటరు కావాలనుకునేవారు దీని జోలికి పోకపోవడమే మేలు. నియంత్రణ వ్యవస్థలు నేర్చుకునేవారికి మాత్రం నిస్సంకోచంగా సూచిస్తాను.