అయిదో రికార్డింగు మాకు ఇవ్వలేదు

మా అత్తయ్యకి ఎనభై ఒక్క ఏళ్ళు. గుండె బాగా నీరసించింది, ఇక ఆసుపత్రుల చుట్టూ తిప్పొద్దని ఆవిడే అన్నారు. అందుకని ఇక్కడ న్యూజెర్సీలో మా ఇంట్లోనే హాస్పీస్, అంటే చివరి రోజుల్లో బాధ లేకుండా చూసుకునే సేవ, పెట్టించుకున్నాం. నర్సు తెచ్చిన కాగితాల కట్టలో ఒకటి, పేషెంటు జీవిత కథని వాలంటీర్లు ఇంటికొచ్చి రికార్డు చేస్తారని. పైసా తీసుకోరు. "అమ్మేం చెప్తుందిలే, ఎప్పుడూ వంటింట్లోనేగా ఉంది" అన్నాడు మా ఆయన. నేను సంతకం పెట్టించాను.

ఉచితం అనగానే నాకు అనుమానం వచ్చింది కానీ, దాని వెనక ఒక నియమం ఉందట. ఇక్కడ ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ నుంచి డబ్బు తీసుకునే హాస్పీస్‌లు, పేషెంట్లకి చేసే సేవ గంటల్లో కనీసం 5 శాతం వాలంటీర్లతో చేయించాలి. కొందరు పక్కన కూర్చుంటారు, కొందరు సరుకులు తెస్తారు, వీళ్ళు మాత్రం మైకు పట్టుకుని వస్తారు.

మొదటిసారి వచ్చింది ఒక రిటైర్డ్ టీచరు, అమెరికన్ ఆవిడ. చాలా మంచి మనిషి. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు కాబట్టి మధ్యలో నేను. "మీ జీవితంలో ఏ రోజులు మీకు బాగా గుర్తున్నాయి?" అని ఆవిడ అడిగింది. నేను తెలుగులో చెప్పాను. అత్తయ్య నా మొహం చూసి, "ఇప్పుడే బాగుందని చెప్పమ్మా. కోడలు బాగా చూసుకుంటోందని చెప్పు" అన్నారు. ముప్పావుగంటా అదే వరస. రాత్రి పెట్టుకుని వింటే సిగ్గేసింది, నేనే నేర్పించి చెప్పించానేమో అనుకుంటారు ఎవరైనా. పైగా వెనకాల ఆక్సిజన్ మెషీన్ బొయ్యిమని ఒకటే మోత.

తెలుగు వచ్చినవాళ్ళు కావాలని ఫోన్ చేస్తే పదహారు రోజులు పట్టింది. నా అసలు ఫిర్యాదు ఇదే. ఈ దేశంలో హాస్పీస్‌లో చేరినవాళ్ళలో దాదాపు సగం మంది 18 రోజులు దాటి ఉండరు. అలాంటి చోట పదహారు రోజుల వెయిటింగ్ ఏమిటి? మా అత్తయ్య ఉన్నారు కాబట్టి సరిపోయింది. చేర్చుకునే రోజే ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగి రాసుకుంటే పోయేది.

రెండో ఆవిడది ఒంగోలు, ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యారు. వచ్చీ రాగానే చేసిన మొదటి పని, నన్ను బయటికి పంపించడం. "నువ్వెళ్ళి పప్పు పెట్టుకో అమ్మా, పిన్నిగారూ నేనూ మాట్లాడుకుంటాం." ఆక్సిజన్ మెషీన్ని హాల్లోకి నెట్టించి, పొడుగు ట్యూబు వేయించారు. నొప్పి మందు పడ్డ అరగంటకి మొదలుపెట్టేవారు. మధ్యలో అత్తయ్య ఆగిపోతే ఈవిడా ఆగేవారు. రికార్డింగులో ఒకచోట అలా ఎంతసేపు మాటలేదో, చివరికి మా కుక్కరు విజిల్ వినిపిస్తుంది. అది కత్తిరించొద్దని నేనే చెప్పాను.

పుట్టింటివాళ్ళది చీరాలలో నేత అని తెలుసు నాకు, అంతే తెలుసు. ఆరేళ్ళప్పటి నుంచి నూలు కండెలు చుట్టేదాన్నని, చెయ్యి తిప్పుతూ పోగులు చుట్టే ఆసు పోసీ పోసీ కుడి భుజం అప్పుడే పోయిందని, డాక్టర్లు దాన్ని ముసలితనం అంటున్నారని చెప్పి నవ్వారు. వాళ్ళు నేసే రుమాళ్ళ నూలుని ఆముదం కాయల బూడిద కలిపిన నూనెలో నానబెట్టేవాళ్ళట, ఆ వాసన వాళ్ళ నాన్నగారి చేతులకి సబ్బు పెట్టినా పోయేది కాదట. ఆ నాన్నగారు పుట్టింది చీరాలలో కాదు. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టేది లేదని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఊరొదిలి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు కదా, పదకొండు నెలలపాటు. అక్కడ ఒక పాకలో పుట్టాడాయన. నిండు చూలాలు బండెక్కితే, మగ్గం సామాను ఇంకో బండిలో వెళ్ళిందట. మా ఆయన ఇది మూడుసార్లు విన్నాడు. చీరాల పేరాల గురించి స్కూల్లో చదివి పరీక్షలో రాశాడు కూడా, సొంత తాతయ్య సంగతి మాత్రం తెలియదు.

రాత ప్రతి గురించి కూడా చెప్పాలి. ముందు కంప్యూటర్ చేత టైపు చేయిస్తారు, తెలుగు దానికి సరిగ్గా రాదు. ఆసు ఆశ అయింది, పడుగు పడగ అయింది, కండెలు కొండలయ్యాయి. "చిన్నప్పుడు కొండలు చుట్టేదాన్ని" అని ఉంది ఒక పేజీలో. కానీ రాసింది తెచ్చి పేషెంటుకి చదివి వినిపించి, దిద్దించుకున్నాకే పుస్తకం కుడతారు. కెనడాలో విన్నిపెగ్‌లో హార్వే చోచినావ్ అనే సైకియాట్రిస్టు పెట్టిన పద్ధతి అట ఇది. ఆయన 2005లో వందమంది పేషెంట్లతో చేసిన అధ్యయనంలో 76 శాతం మంది తమ గౌరవం పెరిగినట్టుందని చెప్పారు. గౌరవం సంగతేమో, కొండల దగ్గర అత్తయ్య దగ్గొచ్చేదాకా నవ్వారు. ఆ నెలలో నేను చూసిన నవ్వు అదొక్కటే.

మొత్తానికి అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది పదహారు రోజులకి, టైపుకి కాదు. మీ ఇంట్లో ఎవరికైనా పెట్టిస్తే ఇంటివాళ్ళని మాత్రం మధ్యలో కూర్చోబెట్టకండి, ముఖ్యంగా కోడళ్ళని.

సంతకం పెట్టేటప్పుడు నేను చదవని ముక్క ఒకటుంది. ఏ రికార్డింగు ఎవరికి ఇవ్వాలో పేషెంటే చెప్పొచ్చు. నాలుగు మాకు ఇచ్చారు. అయిదోది వేటపాలెంలో ఉన్న చెల్లెలికి పంపమన్నారట. అత్తయ్య పోయిన నెలకి, ఒక పెన్‌డ్రైవ్ పోస్టులో అక్కడికి వెళ్ళింది. మొన్న సంక్రాంతికి చిన్నత్తయ్య ఫోన్ చేస్తే "విన్నారా?" అని అడిగాను. "విన్నానమ్మా, రెండుసార్లు" అన్నారు. కాసేపాగి, "జీడిపప్పు పంపాను, అందిందా?" అని అడిగారు.