ఆరేళ్ళ టోమియే లెక్క: ఒక యాప్, ఒక షీట్, ఒక పెన్సిల్

2019లో మా తమ్ముడు డాలస్ నుంచి వస్తూ, నేను పంపిన లిస్టు ప్రకారం జపాన్ హారర్ మాంగా (అక్కడి కామిక్స్) రాసి గీసే జుంజి ఇటో పుస్తకాలు తెచ్చాడు. అందులో 'మ్యూజియం ఆఫ్ టెర్రర్' మొదటి రెండు భాగాలు ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌వి. కొత్త కథలు దొరికాయనుకుని ఆ రాత్రే తెరిచాను. నాలుగు పేజీలు తిప్పేసరికి అనుమానం వచ్చింది. అల్మరాలోంచి ఇటోదే 'టోమియే' సిరీస్ లావు పుస్తకం తీసి పక్కన పెట్టి చూస్తే కథలు అవే. "ఇంట్లో ఉన్నదాన్నే నాతో మోయించావా అన్నయ్యా" అని వాడు ఇప్పటికీ దెప్పుతుంటాడు.

కేటలాగ్ రాయడం అలా మొదలైంది. డబ్బు కట్టి ఒక యాప్ వాడాను, వదిలేశాను. స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను, రెండుసార్లు చెరిపి మళ్ళీ రాశాను. ఇప్పుడున్నది మూడోది, నాలుగేళ్ళుగా నిలబడింది.

అసలు ఈ సిరీస్‌కి ఇంత లెక్క ఎందుకో ముందు చెప్పాలి. ఇందులో టోమియే అనే అమ్మాయిని చంపి ముక్కలు చేస్తే ప్రతి ముక్కా మళ్ళీ ఒక టోమియే అవుతుంది. ప్రచురణకర్తలు కూడా అదే దారి పట్టినట్టున్నారు. మొదటి కథ 1987లో జపాన్‌లో 'మంత్లీ హాలోవీన్' పత్రికలో వచ్చింది. ఇటో అప్పటికి డెంటల్ టెక్నీషియన్. హారర్ మాంగాలో పెద్దాయన కజువో ఉమెజు పేరు మీద పెట్టిన పోటీకి ఆ కథ పంపితే ప్రోత్సాహక బహుమతి వచ్చింది. తర్వాత 2000 దాకా అప్పుడొకటి అప్పుడొకటిగా రాస్తూ పోయాడు. అసాహి సోనొరామా 1997లో మొదలుపెట్టిన 16 భాగాల సెట్‌లో మొదటి రెండూ టోమియే. 2002లో 10 భాగాల సెట్ వేశారు, అందులోనూ మొదటి రెండూ టోమియేనే. 2007లో ఆ సంస్థ మూతపడి పుస్తకాలు అసాహి షింబున్ వాళ్ళ చేతికి వెళ్ళాయి. వాళ్ళు 2011లో 11 భాగాల సెట్ మొదలుపెట్టారు. మళ్ళీ మొదటి రెండూ ఆవిడే! 1997 నాటికి చివరి కథలు ఇంకా రాయనే లేదు కాబట్టి, 'టోమియే ఒకటో భాగం' అంటే ఏ సెట్‌లోది అని అడగకుండా లోపల ఏముందో చెప్పలేం.

ఇంగ్లీషులోనూ ఇదే తంతు. 2001లో కామిక్స్‌వన్ రెండు భాగాలు వేసింది. 2006లో డార్క్ హార్స్ ఆ 2002 నాటి సెట్‌ని 'మ్యూజియం ఆఫ్ టెర్రర్' పేరుతో మొదలుపెట్టింది. జపాన్‌లో 10 ఉంటే వీళ్ళు మూడింటితో ఆపేశారు. 2016 డిసెంబరులో విజ్ మీడియా మొత్తం 20 కథలనూ ఒకే గట్టి అట్ట పుస్తకంగా తెచ్చింది. దాదాపు 750 పేజీలు, పడుకుని చదివితే ఛాతీ నొప్పి గ్యారంటీ. ఫ్రెంచివాళ్ళకు 2021లో మాంగెత్సు వేసిన టోమియే ఉంది. నా షీట్‌లో తెలుగు అని ఒక గడి పెట్టాను, అది ఖాళీగానే ఉంది.

ఇక యాప్ సంగతి. పేరు చెప్పను. ఏడాది చందా కట్టి, ఒక ఆదివారం కూర్చుని అల్మరా మొత్తం స్కాన్ చేశాను. ఇంగ్లీషు పుస్తకాలకు బాగానే పనిచేసింది. బొమ్మ వస్తుంది, పేజీల సంఖ్య వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. జపాన్ పుస్తకాల దగ్గర చేతులెత్తేసింది. వాటి వెనక అట్ట మీద బార్‌కోడ్‌లు రెండు ఉంటాయి, ఒకదాని కింద ఒకటి. పైది 978తో మొదలయ్యే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు సంఖ్య. కిందిది 192తో మొదలవుతుంది, అందులో ఉండేది వర్గం కోడ్, ధర. కెమెరా ఎప్పుడూ కిందిదాన్నే పట్టుకునేది. 'పుస్తకం దొరకలేదు' అని మెసేజ్. చివరికి బస్ టికెట్ ముక్క అడ్డం పెట్టి స్కాన్ చేయడం అలవాటు చేసుకున్నాను. కింది కోడ్ పూర్తిగా వృథా అనను. 192 తర్వాత వచ్చే నాలుగు అంకెల్లో చివరి రెండూ 79 అయితే అది కామిక్. జపనీస్ రాకపోయినా పాత పుస్తకాల కుప్పలో నవలని, మాంగాని ఇట్టే వేరు చేయొచ్చు.

నేను యాప్ వదిలేసింది అందుకు కాదు. ఒకే పేరు, ఒకే భాగం నంబరు ఉన్నవాటిని అది డూప్లికేట్లు అనుకుని కలిపేసింది. నా దగ్గరున్న మూడు వేర్వేరు 'టోమియే 1'లూ ఒక రోజు పొద్దున్నే ఒకటైపోయాయి, వాటికి రాసుకున్న నోట్స్‌తో సహా. సపోర్ట్‌కి రాస్తే మూడు వారాలకు ఒక మర్యాదైన జవాబు వచ్చింది. నోట్స్ మాత్రం రాలేదు.

తప్పు యాప్‌ది మాత్రమే కాదని తర్వాత అర్థమైంది. నా మొదటి షీట్‌లోనూ ఒక పుస్తకానికి ఒక వరుస ఇచ్చాను. 2017 నాటి 'షివర్' సంకలనం కొన్నప్పుడు ఆ పద్ధతి బోల్తా కొట్టింది. దానికి టోమియే పేరు లేదు, వేరే పుస్తకం. కానీ లోపలున్న 'పెయింటర్' టోమియే కథే, విజ్ లావు పుస్తకంలోనూ ఉంది. అలాగే డార్క్ హార్స్ మూడో భాగానికి పేరిచ్చిన, అటక మీద జుట్టు కథ 2021లో 'డిజర్టర్' సంకలనంలో మళ్ళీ వచ్చింది. 'ఎనిగ్మా ఆఫ్ అమిగారా ఫాల్ట్' కథ అయితే ఇటోదే 'గ్యో' అనే పుస్తకం చివర ఒకసారి, 'వీనస్ ఇన్ ది బ్లైండ్ స్పాట్'లో ఇంకోసారి. ఏ పుస్తకాలు ఉన్నాయో రాసుకుంటే ఏ కథలు ఉన్నాయో తెలియదు. కొనేముందు నాకు కావాల్సింది రెండోదే.

అందుకే ఇప్పటి ఫైల్‌లో రెండు షీట్లు. మొదటిదాంట్లో నా దగ్గరున్న ప్రతి కాపీకి ఒక వరుస: భాష, ప్రచురణకర్త, ఏడు, ఎన్నో ముద్రణ, చదివే దిక్కు, ఎంతకు కొన్నాను. రెండోదాంట్లో ప్రతి కథకు ఒక వరుస, ఆ కథ ఏయే పుస్తకాల్లో ఉందో అడ్డంగా గడులు. నిజంగా వాడేది రెండోదే. పుస్తక ప్రదర్శనకు వెళ్ళినప్పుడు స్టాల్ ముందు నిలబడి ఫోన్‌లో తెరిచేది అదే. షాపులో విషయసూచిక ఫొటో తీసుకుని, కాఫీ తాగుతూ పోల్చి చూసుకుని, తిరిగెళ్ళి కొనకుండా వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. (కొని వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. వాటి గురించి ఇంట్లో మాట్లాడం.)

చదివే దిక్కు అనే గడిని మొదట నేనే వేళాకోళంగా పెట్టాను. కామిక్స్‌వన్ ఒకటో భాగం చేతికొచ్చాక దాని విలువ తెలిసింది. మాంగాని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇంగ్లీషువాళ్ళకు తేలికగా ఉండాలని వీళ్ళు బొమ్మల్ని అద్దంలోలాగా తిప్పేసి ఎడమ నుంచి కుడికి వేశారు. టోమియే పుట్టుమచ్చ ఎడమ కన్ను కింద ఉండాలి. ఇందులో కుడి కన్ను కిందికి మారింది. ఆన్‌లైన్‌లో పాత కాపీ అమ్మేవాళ్ళు ఏ ఎడిషనో రాయకపోతే, లోపలి పేజీ ఒకటి ఫొటో పెట్టమని అడిగి పుట్టుమచ్చ చూసుకుంటాను.

ఐఎస్‌బీఎన్ గడితో ఒక నెల పోయింది. షీట్ ఆ 13 అంకెల్ని మామూలు సంఖ్య అనుకుని 9.78 పక్కన ఏదో ఈ ప్లస్ పన్నెండు అని చూపించింది. ముందే ఆ నిలువు వరుసని టెక్స్ట్‌గా మార్చాలి. 2007కి ముందు పుస్తకాల మీద 10 అంకెలే ఉంటాయి. ముందు 978 తగిలిస్తే సరిపోతుందనుకుని ముప్ఫై పుస్తకాలకు అలాగే చేశాను. చివరి అంకె తనిఖీ అంకె, దాన్ని మళ్ళీ లెక్కకట్టాలి. ముప్ఫైకి దాదాపు అన్నీ తప్పే. 978 తర్వాత 4 ఉంటే జపాన్, 2 ఉంటే ఫ్రెంచి, 0 గానీ 1 గానీ ఉంటే ఇంగ్లీషు అన్నది మాత్రం మొదటి రోజు నుంచీ పనికొస్తోంది. జపాన్ పుస్తకాల చివరి పేజీలో ముద్రణ వివరాలుంటాయి. పాతవాటిలో కొన్నిసార్లు చక్రవర్తి శకం లెక్క ఉంటుంది. హెయిసెయ్ 10 అంటే 1998, 1988 కలుపుకుంటే చాలు.

భాగం నంబరు నమ్మకూడదని ఉమెజు పుస్తకం ఒకటి నేర్పింది. ఆయన 'డ్రిఫ్టింగ్ క్లాస్‌రూమ్' 1972 నుంచి 1974 దాకా వారపత్రికలో వచ్చింది, పుస్తకంగా 11 భాగాలు. ఇంగ్లీషులోనూ 2006 నుంచి 2008 వరకు 11 వేసి, 2019లో మళ్ళీ మూడు లావు భాగాలుగా మొదలుపెట్టారు. నా దగ్గర పాతవి ఒకటి, రెండు ఉన్నాయి. మూడోది ఆర్డర్ పెడితే అమ్మినాయన కొత్త సెట్‌లో మూడోది పంపాడు. అంటే నేరుగా క్లైమాక్స్. తెరవగానే కనిపించిన పేజీ ఏంటో ఇక్కడ చెప్పను. అప్పటి నుంచి నంబరు పక్కనే 'మొత్తం ఎన్నింటిలో' అని ఇంకో గడి ఉంది. 3/11, 3/3.

మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి దాచి బైండు చేయించేది. అట్ట మీద పేరు లేదు, తేదీ లేదు. అయినా ఏ బైండులో ఏ కథ ఉందో అడిగితే వంటింట్లోంచే చెప్పేది. నాకా జ్ఞాపకశక్తి రాలేదు, అందుకే పెన్సిల్. శాఖా గ్రంథాలయాల్లో వేసే యాక్సెషన్ నంబరులాగా ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల షీట్ వరుస నంబరు మెల్లగా రాస్తాను. పుస్తకాలు సేకరించేవాళ్ళు తిట్టుకుంటారని తెలుసు. కానీ ఇల్లు మారినప్పుడు పెట్టెలు విప్పి సర్దడానికి మూడు గంటలు పట్టింది, అంతకుముందు సారి రెండు రోజులు.

ఐదారు పుస్తకాలున్న వాళ్ళకు ఇదంతా అనవసరం, ఫోన్‌లో ఫొటోలు చాలు. ఇరవై దాటాయంటే మాత్రం కథల షీట్ ఇప్పుడే మొదలుపెట్టండి. వందయ్యాక కూర్చుంటే దసరా సెలవులన్నీ దానికే పోతాయి. రేటింగ్, మూడ్, ఎన్ని రోజుల్లో చదివాను లాంటి గడులు నేనూ పెట్టాను. రెండు నెలలకు మించి ఒక్కటీ నింపలేదు.

ప్రస్తుతానికి నా టోమియే వరుసల్లో, తెలుగు గడి కాక, ఖాళీగా ఉన్నది కామిక్స్‌వన్ రెండో భాగం గడి ఒక్కటే. కథలన్నీ మూడేసి చోట్ల ఉన్నాయి కాబట్టి అది కొనక్కర్లేదని షీట్ స్పష్టంగా చెబుతోంది. తమ్ముడు వచ్చే నెల వస్తున్నాడు. వాడికింకా చెప్పలేదు.