నెలసరి చక్రం: మొదటి సగమా, రెండో సగమా? టెన్షన్‌కు మెదడు స్పందన ఎప్పుడు ఎలా?

కొత్తవాళ్ల ముందు ప్రసంగం, ఆపై నోటిలెక్కలు. ఎవరికైనా చెమటలు పట్టే ఈ పరీక్షను జర్మనీలోని ట్రియర్ పరిశోధకులు స్త్రీలకూ మగవాళ్లకూ పెట్టి, ఫలితాలు 1999లో ప్రచురించారు. చక్రం మొదటి సగంలో, అంటే నెలసరి మొదలయ్యాక అండం విడుదలయ్యేలోపు ఉన్న స్త్రీల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తక్కువగా పెరిగింది. రెండో సగంలో ఉన్నవారిలో దాదాపు మగవాళ్లంత పెరిగింది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోనూ తక్కువే.

మొదటి సగం చివర్లో ఈస్ట్రోజెన్ హార్మోన్ బాగా పెరుగుతుంది. మరో పరిశోధనలో కలవరపెట్టే బొమ్మలు చూపి మెదడు స్కాన్ తీస్తే, నెలసరి తొలిరోజులకన్నా అప్పుడు భయానికీ ఒత్తిడికీ స్పందించే మెదడు భాగాలైన అమిగ్డాలా, హైపోథాలమస్ స్పందన తగ్గింది.

రెండో సగం కాస్త చిక్కు వ్యవహారం. అప్పుడు పెరిగే ప్రొజెస్టిరాన్ హార్మోన్ నుంచి పుట్టే అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం, మెదడు కణాల జోరు తగ్గించే గాబా గ్రాహకాల ద్వారా మెదడును శాంతపరుస్తుంది. కొందరిలో మాత్రం దాని హెచ్చుతగ్గులే చిరాకు, ఆందోళన తెస్తాయి. అందుకే "పీరియడ్స్ ముందు ఆడవాళ్లందరికీ కోపమే" అనేమాట నాకు మింగుడుపడదు.