ఎసిటలోప్రామ్: బ్రాండూ వాడాను, జనరిక్కూ వాడాను

డిప్రెషన్, ఆందోళనలకు ఇచ్చే ఎసిటలోప్రామ్ 10 ఎంజీని ముందు బ్రాండులో, తర్వాత జన ఔషధి స్ట్రిప్‌లో ఏళ్ల తరబడి వాడాక చెబుతున్నాను: ఈ మాత్ర వరకైతే జనరిక్‌కి, అంటే అదే మందును వేరే కంపెనీ చేసి అమ్మేదానికి, మారడానికి జంకక్కర్లేదు. నిద్రలో, ఆకలిలో, పనిమీద ధ్యాసలో తేడా రాలేదు. తేడా అల్లా బిల్లులోనే.

అసలు మన షాపుల్లో బ్రాండు అనుకుని కొనేవాటిలో చాలావరకు పేరు తగిలించుకున్న జనరిక్కులే. ఈ మందును తయారుచేసింది డెన్మార్క్‌కి చెందిన లుండ్‌బెక్. మిగతావన్నీ దాని వెనక వచ్చినవే. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 2001లోనే ప్రోజాక్ అనే డిప్రెషన్ మందుకి పోటీగా, అందులో ఉండే ఫ్లూయాక్సెటిన్ 40 ఎంజీ జనరిక్‌ను అమెరికా మార్కెట్లో దించింది. ఇక్కడ కూర్చుని జనరిక్ అంటే నాసిరకం అనడం నాకైతే వింతగానే ఉంటుంది.

జనరిక్ అసలు మందుతో సమానమని తేల్చడానికి వాడే 80–125 శాతం నిబంధన చూసి "అయితే మందు 20 శాతం తక్కువున్నా పాసేనా" అని కంగారుపడతారు. అది మాత్రలో ఉండే మందు లెక్క కాదు. రక్తంలోకి చేరిన మందును అసలుదానితో పోల్చి తీసిన 90 శాతం విశ్వాస అంతరం (నిజమైన సగటు ఉండే అవకాశమున్న పరిధి) మొత్తం ఆ గీతల మధ్య ఇమడాలి. సగటు 100కి దగ్గర్లో లేకపోతే అది ఇమడడం కష్టం.

జాగ్రత్తపడాల్సింది ఎక్స్‌ఎల్, ఎక్స్‌ఆర్, ఈఆర్ అని ఉన్నవాటితో. వీటిలో మందు ఒకటే అయినా, దాన్ని మెల్లగా వదిలే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. అమెరికాలో బ్యుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందుకి ఎక్స్‌ఎల్ 300 ఎంజీ జనరిక్ ఒకటి, బుడెప్రియాన్, 2006లో అనుమతి పొందింది. పరీక్షలు జరిగింది 150 ఎంజీ మీద. 300కి అవే ఫలితాలు వర్తింపజేశారు. అసలు బ్రాండైన వెల్‌బుట్రిన్ 5–6 గంటలకు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరితే, ఇది 2–3 గంటలకే చేరేది. రోగుల ఫిర్యాదుల తర్వాత 300 ఎంజీనే పరీక్షించి, సమానం కాదని తేల్చి, 2012లో వెనక్కి తీయించారు. అందుకే ఈ రకం మాత్ర పడుతోందంటే కంపెనీ మార్చకుండా ఉండటం మేలు. విరవకూడదు, నలపకూడదు.

వెన్లాఫాక్సిన్ అనే మరో డిప్రెషన్ మందు ఒక్క పూట తప్పినా కొందరికి తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి. ఫ్లూయాక్సెటిన్ ఒంట్లో వారాలు నిలుస్తుంది, ఒక రోజు మరిచినా తెలియదు. కాబట్టి కొత్త స్ట్రిప్ మొదలుపెట్టిన వారంలో ఒంట్లో బాగోలేదంటే, ముందు మధ్యలో ఎన్ని మాత్రలు తప్పాయో లెక్క చూడండి.

ఇక కౌంటర్ దగ్గర. "అదే మందండీ, కంపెనీ వేరు" అన్నప్పుడు పెద్దక్షరాల పేరు వదిలేసి కింద సన్నక్షరాలు చదవాలి. పేరు చివర "ప్లస్" లాంటి తోక ఉంటే అందులో క్లోనజెపామ్ కలిసి ఉండొచ్చు. అది మత్తునిస్తుంది, అలవాటు పడుతుంది. సిటలోప్రామ్, ఎసిటలోప్రామ్ ఒకటి కావు. వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్ కూడా అంతే.

సగం స్ట్రిప్ అడిగితే కత్తెరతో కోసిస్తారు. ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు రెండో ముక్కలో ఉండిపోతాయి. వీలైతే పూర్తి స్ట్రిప్ తీసుకోండి, పాతదాంట్లో వారానికి సరిపడా మాత్రలు ఉండగానే. కొత్త కంపెనీ పడలేదనిపిస్తే మాత్ర మీరే ఆపేయకుండా ఆ స్ట్రిప్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. దుష్ప్రభావాలను 1800-180-3024 టోల్‌ఫ్రీకి చెప్పొచ్చు. అక్కడ అడిగేవాటిలో బ్యాచ్ నంబరూ ఉంటుంది.